సగటున పన్నెండు

గ్రైండర్‌లోంచి ఇడ్లీ పిండిని చేత్తో తోడి స్టీలు గిన్నెలోకి వేస్తోంది కోటేశ్వరి. గిన్నె మూడు వంతులు నిండగానే ఆపింది. రాయికి అంటుకున్న పిండిని వేళ్ళతో తుడిచి, మిగిలినదాన్ని ఇంకో చిన్న గిన్నెలోకి మళ్ళించింది. గడప పక్కన గోడకు ఆనుకుని కాళ్ళు బారజాపి కూర్చున్న ఆడపడుచు భూలక్ష్మి అది చూసింది. ఆమె పురిటికి వచ్చింది. ఎనిమిదో నెల. లేచి పని చేయడం కష్టం కాబట్టి, ఇంట్లో మిగతావాళ్ళు చేసే పనులకు వంకలు పెట్టడం తన వంతుగా పెట్టుకుంది.

"ఇంకో రెండు గరిటెలు పట్టుద్దిగా వదినా అందులో. రెండో గిన్నె ఎందుకు తోమబెట్టడం?"

"తెల్లారేసరికి పొంగుద్ది. అప్పుడు గిన్నె కాదు, వంటిల్లంతా తోమాలి."

"ఎంత పొంగుద్దో నీకెట్టా తెలుసు?"

"తెలవదు. తెలవదు కాబట్టే వెలితి పెట్టింది."

వంటింట్లోంచి అత్త ఆదెమ్మ అందుకుంది. "దాని పిల్లకే లోపల చోటు చాలక ముందుగా వచ్చేట్టుందని నర్సమ్మ అంటంది. ఇదేమో గిన్నెకు కూడా చోటు లేకుండా చేయమంటంది."

నర్సమ్మ అన్నది నిజమే. బిడ్డ బరువు తక్కువగా ఉంది, నెలలు నిండకుండా రావచ్చు, వస్తే వార్మర్‌లో పెట్టాలి అంది. వార్మర్ అంటే ఒళ్ళు చల్లబడిపోయే పసిబిడ్డలకు పైనుంచి వెచ్చదనమిచ్చే మంచం. ఊరి ఆసుపత్రిలో ఉన్నది పాడై ఏడాదైంది. "కొత్తది మీ వదిన ఫ్యాక్టరీలోనే తయారవుతోంది, మొదటిది మనకే వస్తుంది, కంగారుపడకు" అని నర్సమ్మ భూలక్ష్మికి ధైర్యం చెప్పింది. భూలక్ష్మి కంగారుపడలేదు. వదిన పనిచేసే చోటు కదా.

కోటేశ్వరి పల్లెటూరి బడిలో పదో తరగతి దాకా చదివి, ఐటీఐ చేసి, ఆరేళ్ళుగా ప్రజారోగ్య పరికరాల సంస్థలో టెస్ట్ బెంచి దగ్గర కూర్చుంటోంది. ఎక్కువ మాట్లాడదు. వార్మర్ తలాపున ఉండే పెట్టెలో ఒక బోర్డు ఉంటుంది. ఆ బోర్డును కరెంటుకు తగిలించి, బాగుందనిపిస్తే "పరీక్షించడమైనది" అన్న రబ్బరు ముద్ర వేయడం ఆమె ఉద్యోగం. ముద్ర పడని బోర్డు గేటు దాటదు.

గోడ కరెంటును పన్నెండు వోల్టులకు దించుకునే ఆ బోర్డు మీద, వోల్టును ఒక్క తీరున నిలిపే ఒక రెగ్యులేటర్, దాని ముందు బొటనవేలంత మందాన నిలబడ్డ ఒక చిన్న డబ్బా ఉంటాయి. ఆ డబ్బా పేరు కెపాసిటర్. వచ్చే కరెంటులోని ఎగుడుదిగుళ్ళను తను మింగి, రెగ్యులేటర్‌కు నున్నగా అందించడం దాని పని. దాని ఒంటి మీద 25V అని రాసి ఉంటుంది. పాతిక వోల్టుల దాకా తట్టుకుంటానని అది ఇచ్చే మాట. ఆ మాట మీద ఎవరికీ ఎప్పుడూ అనుమానం రాలేదు, సంస్థ ఎండీ వేదాచలం గారు కొండ మీద నాలుగు రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చేదాకా.

ఆ శిక్షణలో నాలుగో రోజున గురువుగారు ఒక కోడిగుడ్డు పైకెత్తి చూపించారట. "పెంకుకూ సొనకూ మధ్య ఎక్కడైనా ఖాళీ ఉందా? ప్రకృతి ఎంత సరిపడా పని చేస్తుందో చూడండి" అన్నారట. గుడ్డు వెడల్పు కొసన చిన్న గాలి అర ఉంటుందనీ, అది లేకపోతే లోపలి పిల్ల పెంకు పగలగొట్టేలోపే ఊపిరాడక చస్తుందనీ కోళ్ళు పెంచేవాళ్ళకు తెలుసు. ఆ శిక్షణకు కోళ్ళు పెంచేవాళ్ళనెవరినీ పిలవలేదు.

ఎండీ గారు దిగిన మర్నాడే నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది.

"అవసరానికి మించినది వృథా. అవసరానికి తక్కువైనది అలసత్వం. సరిగ్గా సరిపడినదే సుపరిపాలన. నేటినుండి సంస్థలో సరిపడా ఉద్యమం అమలులోకి వచ్చినది."

ఉద్యమానికి ప్రత్యేకాధికారిగా పానకాలరావు గారిని వేశారు. ఆయన నడుముకు కొలతల టేపు, జేబులో భూతద్దం పెట్టుకుని తిరగసాగారు. నిప్పంటుకుంటే చల్లడానికి గోడకు తగిలించిన ఇసుక బకెట్లు ముందు కంటబడ్డాయి. గడచిన ఏడాది ఎన్ని మంటలు లేచాయని అడిగారు. ఏమీ లేవలేదన్నారు. బకెట్లు దించేశారు. హాలుకు రెండు తలుపులుంటే, మనిషి ఒకసారికి ఒక తలుపులోంచే వెళ్ళగలడని తేల్చి రెండోదానికి తాళం వేయించారు. ఆడవాళ్ళ బస్సు తొమ్మిదింటికి బదులు ఇరవై నిమిషాల ముందే వస్తోందని తెలిసి, ఆ ఇరవై నిమిషాలూ మిగులు సమయమనీ, మిగులు సమయంతో ఎవరూ ఆవరణలోకి అడుగుపెట్టరాదనీ ఆదేశించారు. అప్పటినుంచి ఆడవాళ్ళు గేటు బయట నిలబడి తొమ్మిది కొట్టేదాకా ఎదురుచూసేవాళ్ళు. క్యాంటీన్‌లో ఇడ్లీ పిండి గిన్నెలు అంచుదాకా నింపమన్నారు. మూడు రోజులు క్యాంటీన్‌లో ఇడ్లీ లేదు, కాలు పెట్టే చోటూ లేదు. పిండి క్రమశిక్షణారాహిత్యానికి వంటమనిషికి మెమో ఇచ్చారు.

నాలుగో రోజు పానకాలరావు గారు టెస్ట్ బెంచి దగ్గరికి వచ్చారు. భూతద్దం తీసి బోర్డు మీదకు వంగారు. చాలాసేపు వంగి ఉన్నారు.

"ఈ లైను ఎన్ని వోల్టులు?"

"పన్నెండండి" అంది కోటేశ్వరి.

"ఈ భాగం మీద పాతిక అని ఉన్నదే."

"ఉంటదండి."

"మిగతా పదమూడు వోల్టులు ఎక్కడికి పోతున్నాయి?"

పోవడానికి అవి అసలు వచ్చినవి కాదు. ఆమె వెనక్కి తిరిగి డిజైన్ ఇంజనీరు బాలస్వామి గారి వైపు చూసింది. ఆయన రిటైర్‌మెంట్‌కు ఏడాది దూరంలో ఉన్న మనిషి. కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని వచ్చారు.

"అవి ఎక్కడా దాచిన వోల్టులు కావు సార్. దాని ఓపిక అది. పన్నెండు అనేది పేరుకే. కరెంటు ఎక్కుతా దిగుతా ఉంటది. ఎక్కినప్పుడు పదిహేడు దాకా పోద్ది. సాయంత్రం పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి ఆగినయ్యనుకోండి, ఇరవై దాటుద్ది. అందుకని పాతిక పెట్టాం."

"అంటే మన విద్యుత్ సరఫరా మీద మీకు విశ్వాసం లేదన్నమాట."

"విశ్వాసం ఉంది సార్. ఎక్కుద్దనే విశ్వాసం ఉంది."

పానకాలరావు గారు నవ్వలేదు. కాగితం తీసి లెక్క కట్టారు. "మూడు వందల వార్మర్లు. ఒక్కొక్క దానిలో పదమూడు. వెరసి మూడు వేల తొమ్మిది వందల వోల్టులు ఏ పనీ లేకుండా కూర్చుని ఉన్నాయి. ఆఫీసు వేళల తర్వాత వీటిని ఎవరు వాడుకుంటున్నారు?"

కోటేశ్వరి మెల్లగా అంది. "పిండి పొంగుద్దని గిన్నెలో వెలితి పెడతాం కదండీ. అట్టాంటిదేనండి."

"ఇది ప్రభుత్వ సంస్థమ్మా. ఇక్కడ పొంగడానికి ముందస్తు అనుమతి కావాలి."

సాయంత్రానికి బాలస్వామి గారికి బదిలీ కాగితం అందింది. గేటు బయట పాత క్యాంటీన్ వరసలో ఒక గది ఉంది. సరిపడా ఉద్యమంలో ఏరేసిన వస్తువులన్నీ అక్కడికే చేరుతున్నాయి. బకెట్లు, తాళ్ళు, తలుపు గొళ్ళాలు, ఇసుక. దానికి మిగులు గది అని పేరు పెట్టి, ఆయన్ని అక్కడ ఇన్‌చార్జిగా వేశారు. పాతిక వోల్టుల కెపాసిటర్లు మూడు రేకు డబ్బాల్లో ఆయన వెంటే వెళ్ళాయి.

పాతవాటి స్థానంలో ఏవి పెట్టాలో తేల్చడానికి కెపాసిటర్ల హేతుబద్ధీకరణ సంఘం సమావేశమైంది. టెస్ట్ బెంచి తరఫున కోటేశ్వరిని పిలిచి తలుపు పక్కన స్టూలు వేశారు. పన్నెండు వోల్టుల లైనుకు పన్నెండు వోల్టుల కెపాసిటరే ఉండాలని ఎండీ గారు ప్రారంభోపన్యాసంలో సెలవిచ్చారు. అందరూ తలలూపాక, కొనుగోళ్ళ అధికారి గొంతు సవరించుకున్నాడు.

"పన్నెండుది బజార్లో దొరకదండి. పది ఉంది. పదహారు ఉంది. ఆ తర్వాత మళ్ళీ పాతికే."

"దొరకకపోవడమేమిటి?"

"ఎవరూ చేయరండి."

ఎండీ గారు కిటికీలోంచి బయటికి చూశారు. "దేశం ఇంకా సరిపడా స్థాయికి ఎదగలేదన్నమాట."

పదహారు పెడితే నాలుగు వోల్టుల వృథా. పది పెడితే రెండు వోల్టుల అలసత్వం. ఒకటి ఉద్యమానికి విరుద్ధం, రెండోది ఉద్యోగానికి ముప్పు. గంటన్నర సేపు కాగితాల మీద కూడికలూ తీసివేతలూ సాగాయి. పానకాలరావు గారు లేచి బయటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చారు. వచ్చేటప్పుడు ఆయన ముఖం వేరుగా ఉంది.

"పది. మళ్ళీ పది. ఆ తర్వాత పదహారు" అన్నారు నిలబడే. "మూడూ కలిపితే ముప్పై ఆరు. మూడుతో భాగిస్తే..."

"పన్నెండు" అన్నారు ఎండీ గారు, నెమ్మదిగా, దేవుడి గదిలో మాట్లాడినట్టు.

ప్రతి మూడు వార్మర్లలో రెండింటికి పది వోల్టులది, ఒకదానికి పదహారుది పెట్టాలని తీర్మానం రాశారు. కోటేశ్వరి స్టూలు మీదనుంచి లేచింది. సమావేశాల్లో ఆమె లేచి మాట్లాడటం ఎవరూ ఎరగరు.

"పదిది ఏ ఆసుపత్రికి పోద్దండి? పదహారుది ఏ ఆసుపత్రికి పోద్దండి?"

పానకాలరావు గారు ఆమెను జాలిగా చూశారు. "ఏ ఆసుపత్రికైనా సగటున పన్నెండే పోతుందమ్మా."

"సగటు ప్లగ్గులో పెట్టలేం కదండి. ఒక్కోచోట ఒక్కటే పెడతాం."

"ఈ సంకుచిత దృష్టే వద్దంటున్నాం. నీకు కనిపించేది ఒక బోర్డు. సంస్థకు కనిపించేది మూడు వందలు."

ఆమె మాటలో ఒక్క ఉపయోగకరమైన అంశం ఉందని మాత్రం సంఘం గుర్తించింది. కెపాసిటర్ల మీద వేరువేరు అంకెలు కనిపిస్తే ఆసుపత్రుల మధ్య అసూయలు, అపోహలు తలెత్తవచ్చు. కాబట్టి అన్నిటికీ నల్లరంగు పూసి, పైన 12 అని ఒకే చీటీ అంటించాలని అదనపు తీర్మానం చేశారు. రెండూ ఒకే సైజువి కావడంతో, రంగు పూసిన తర్వాత ఏది ఏదో అంటించినవాళ్ళకు కూడా తెలిసే వీలు లేకుండా పోయింది. పారదర్శకత సాధించామని ఎండీ గారు సంతోషించారు.

సరిపడా బోర్డు మొదటిది టెస్ట్ బెంచి మీదికి వచ్చింది. పానకాలరావు గారు పక్కనే నిలబడ్డారు. కోటేశ్వరి ప్లగ్గు పెట్టి, బారెడు దూరంలో తన స్టూలు మీద కూర్చుని స్విచ్ వేసింది. రెండు నిమిషాలు ఏమీ కాలేదు. పానకాలరావు గారు ఏదో చెప్పబోయారు. టప్పుమంది. డబ్బా మూత ఎగిరి ట్యూబులైటుకు తగిలింది. మాడిన చేప వాసన హాలంతా కమ్ముకుంది. కోటేశ్వరి స్విచ్ తీసి చూస్తే ప్రత్యేకాధికారి గారు కనిపించలేదు. తలుపు వెనక టేపు చివర మాత్రం కనిపించింది.

తలుపు వెనకనుంచే ఆయన విచారణ మొదలైంది.

"ఎంత కరెంటు ఇచ్చావు?"

"గోడ ప్లగ్గులో ఎంత ఉంటే అంతండి."

"అదే పొరపాటు. పరీక్ష అనేది వస్తువును భయపెట్టేలా ఉండకూడదు. నెగ్గడానికి సరిపడా ఉండాలి."

బెంచి మీద కరెంటు హెచ్చుతగ్గులు చేసే గుండ్రటి మర ఉంది. ఇంకో బోర్డు తగిలించి, అది నిబ్బరంగా ఉండేదాకా మరను తగ్గిస్తూ పొమ్మన్నారు. సగానికి కొంచెం దిగువన బోర్డు శాంతించింది. అక్కడ గీత గీసి, మర ఆ గీత దాటకుండా మేకు కొట్టించారు.

"ఇంత తగ్గిస్తే పైన దీపం వెలగట్లేదండి. మంచం వేడెక్కదు" అంది కోటేశ్వరి.

"పరీక్షలో బిడ్డ ఉందా?"

"లేదండి."

"లేని బిడ్డకు వేడి మిగులు." ఆయన టేపు లాగి కోటేశ్వరి స్టూలుకూ బోర్డుకూ మధ్య పట్టారు. "మంచంలో బిడ్డ ముఖానికీ ఈ బోర్డుకూ ఎంత దూరం?"

"మూరెడండి."

"నువ్వు బారెడు దూరంలో కూర్చుంటున్నావు. బిడ్డకు లేని దూరం నీకెందుకు? ఇది మిగులు భద్రత." స్టూలు మూరెడు దూరంలోకి జరిపించి, దాని కాళ్ళ చుట్టూ సున్నంతో గీతలు గీయించారు.

ఆ రోజు కోటేశ్వరి ముద్ర వేయలేదు. ఇంట్లో మర్చిపోయానంది. ఆరేళ్ళలో ముద్ర మర్చిపోవడం అదే మొదలు. మర్నాడు మర్చిపోయే వీలు లేకుండా పానకాలరావు గారు ఉదయమే మనిషిని ఇంటికి పంపి, ముద్రతో సహా ఆమెను తీసుకురమ్మన్నారు. ఆయన చూస్తుండగా ఆమె పన్నెండు బోర్డులకు ముద్ర వేసింది. వాటిలో మొదటిదాని మీద ఊరి ఆసుపత్రి పేరు రాసిన చీటీ ఉంది. అది పదిదో పదహారుదో ఎవరికీ తెలియదు.

ఇంటికి వెళ్ళేసరికి భూలక్ష్మి వసారాలో కూర్చుని పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేస్తోంది. "ఏం వదినా, నా మంచం అయిందా?" అంది.

"అయింది" అంది కోటేశ్వరి. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు బస్సు యథాప్రకారం ఇరవై నిమిషాల ముందు దిగబెట్టింది. ఆడవాళ్ళు గేటు బయట నిలబడ్డారు. కోటేశ్వరి నిలబడలేదు. నేరుగా మిగులు గదికి వెళ్ళింది. బాలస్వామి గారు ఇసుక బకెట్ల మధ్య కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నారు.

"సార్, ఆ పాతికవి ఇక్కడే ఉన్నాయా?"

"ఎక్కడికి పోతయ్యమ్మా. మిగులు గదిలోంచి ఏదీ బయటికి పోకూడదు. అవసరమైతే అది మిగులు కాదుగా."

"ఇక్కడ ప్లగ్గు పనిచేస్తదా సార్?"

ఆయన పేపరు మడిచారు. కళ్ళజోడు కిందికి దించి ఆమె ముఖం చూశారు. గది పక్కనే ప్యాకింగ్ షెడ్డు. పరీక్ష అయిన బోర్డులు ట్రేలలో దాని వసారాలోనే ఉంటాయి. ఆయన ఆ ట్రేల వైపు కూడా చూశారు.

"ఇది పాత క్యాంటీన్ ప్లగ్గమ్మా. దీనికి ఎవరూ మేకు కొట్టలేదు."

ఆ మర్నాటినుంచి టంకం పెట్టే వరసలోని సలోమి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు తమ టిఫిను సంచుల్లో టంకం కడ్డీలు తెచ్చుకోసాగారు. ఎవరికీ అక్కరలేని గదిలో, ఎవరికీ అక్కరలేని ఇంజనీరు పర్యవేక్షణలో, లెక్కకు రాని ఇరవై నిమిషాల్లో, అక్కరలేని కెపాసిటర్లతో పని సాగింది. సరిపడావి ఊడదీసి డబ్బాలో వేసేవాళ్ళు. పాతికవాటికి నల్లరంగు పూసి, 12 అన్న చీటీ అంటించి పెట్టేవాళ్ళు.

"బొట్టు బిళ్ళ పెట్టినట్టు మధ్యలో పెట్టవే. వంకరగా ఉంటే సార్ టేపు తీస్తాడు" అనేది సలోమి.

"ఆయన తలుపు వెనక నుంచి కొలుస్తాడులే."

కోటేశ్వరి ఆ పూట మార్చిన బోర్డులన్నిటినీ ఒకేసారి క్యాంటీన్ ప్లగ్గుకు తగిలించి, పూర్తి కరెంటు మీద ఐదు నిమిషాలు ఉంచేది. ఒక్కటీ పేలలేదు. అప్పుడు గానీ ముందురోజు వేసిన ముద్ర ఆమె దృష్టిలో నిజమయ్యేది కాదు. తొమ్మిది కొట్టగానే అందరూ గేటు దగ్గర వరసలో ఉండేవాళ్ళు. సమయపాలనకు ఆ విభాగానికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. రోజుకు పదిహేను బోర్డుల చొప్పున ఇరవై రోజుల్లో మూడు వందలూ అయిపోయాయి.

మొదటి వార్మర్‌ను ఊరి ఆసుపత్రిలో ఒక సాయంత్రం ప్రారంభించారు. ఎండీ గారు ఉపన్యాసమిస్తుండగా పొలాలకు కరెంటు తీసేశారు. మోటార్లన్నీ ఒక్కసారి ఆగాయి. ఆసుపత్రిలో ఫ్యాన్లు గిర్రున లేచాయి, దీపాలు తెల్లగా మండాయి. వెనకవరసలో ఒక బల్బు పేలింది. పానకాలరావు గారు అలవాటుగా తలుపు వైపు రెండడుగులు వేశారు. వార్మర్ మాత్రం కదలకుండా మెదలకుండా వెచ్చగా వెలిగింది.

"చూశారా" అన్నారు ఎండీ గారు. "వెలితి లేదు, వృథా లేదు. సగటు నిలబడింది."

పానకాలరావు గారికి శాలువా కప్పారు. శాలువా ఆయన భుజాలకు రెండు వైపులా జానెడు మిగిలింది. ఆ రోజు ఎవరూ కొలవలేదు.

అది జరిగిన ఐదో రోజున భూలక్ష్మికి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. కిలో ఏడు వందల గ్రాములు. ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు తెరిచి మూసింది. నర్సమ్మ బిడ్డను తీసుకెళ్ళి మొదటి నంబరు వార్మర్‌లో పడుకోబెట్టింది. మూడో రోజుకు కాళ్ళు గోరువెచ్చనయ్యాయి. ఐదో రోజుకు పిడికిలి బిగించి నర్సమ్మ వేలు పట్టుకుంది. ఇంకో పదిహేను రోజులు ఆ మంచం మీదనుంచి కదపకూడదన్నారు డాక్టరమ్మ.

ఆ వారంలోనే మిగులు గదిలో మిగులు సరిపడా ఉందో లేదో తనిఖీ జరిగింది. పాతిక వోల్టులవి మూడు వందలు తగ్గాయి. నల్లరంగువి మూడు వందలు ఎక్కువ కనిపించాయి. పానకాలరావు గారు ఫ్యాక్టరీలో ఉన్న ఆఖరి వార్మర్ విప్పించి, కెపాసిటర్ మీద రంగు గోకించారు. 25V అన్న అక్షరాలు బయటపడ్డాయి.

శాలువా విషయం ఏమిటని ఎవరూ అడగలేదు. సంస్థ మూడు వందల పసిబిడ్డల మంచాల్లో మిగులు రహస్యంగా దాగి ఉందనీ, ఏ ఒక్కటీ పేలకపోవడమే ఇందుకు సాక్ష్యమనీ నివేదిక తయారైంది. బాలస్వామి గారిని సస్పెండ్ చేశారు. కోటేశ్వరిని చేయలేదు. ముద్ర ఆమె పేరు మీద ఉంది, కొత్త ముద్ర మంజూరు కావడానికి ఆరు నెలలు పడుతుంది. అన్ని వార్మర్లలోనూ బోర్డులు తీసి, సగటు బోర్డులు పెట్టాలనీ, అది మొదటి నంబరుతోనే మొదలు కావాలనీ ఆదేశం వచ్చింది.

ఆదివారం పొద్దున్నే పానకాలరావు గారు చేతిసంచితో కోటేశ్వరి ఇంటికి వచ్చారు. చెప్పులు గడప బయట విడిచి, గుమ్మం ఎత్తు ఒకసారి చూసుకుని లోపలికి వచ్చారు. ఎవరో తెలియకపోయినా ఆదెమ్మ కుర్చీ వేసింది.

"పొద్దున్నే వచ్చారు. ఏమన్నా తిన్నారా అయ్యా?"

"నా అవసరం మేరకు తినే బయల్దేరానమ్మా."

"అట్టాగైతే ఇంకో రెండు పడతయ్యిలే" అని ఆదెమ్మ పళ్ళెం చేతికిచ్చింది. ఆయన నాలుగు ఇడ్లీలు తిన్నారు. చాలా మెత్తగా ఉన్నాయని కూడా అన్నారు. ఆ తర్వాత మూతి తుడుచుకుని, సంచిలోంచి ఒక బోర్డు తీసి బల్ల మీద పెట్టారు. నల్లటి డబ్బా మీద 12 అన్న చీటీ చక్కగా మధ్యలో ఉంది.

"కోటేశ్వరీ, ముద్ర తీసుకుని ఆసుపత్రికి రావాలి. మొదటి నంబరులో ఇది బిగించాలి. అరగంట పని."

ఆదెమ్మ పళ్ళెం తీసుకోబోతూ ఆగింది. "ఏ మంచమయ్యా? మా మనవరాలు ఉన్న మంచమా?"

"ఆ అరగంట బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టుకోవచ్చు."

"అరగంట తర్వాత?"

"తర్వాత యథాతథంగా పడుకోబెట్టవచ్చు. సరిపడా స్థితిలో."

ఆదెమ్మ కోడలి వైపు చూసింది. కోటేశ్వరి చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. గూట్లోంచి ముద్ర, సిరా పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"వస్తానండి. కానీ పరీక్షించకుండా ముద్ర వేయకూడదు కదండి. మీ ఆదేశమే."

"అవును. బెంచి దగ్గర..."

"ఆదివారం హాలుకు తాళం ఉంటదండి. ఇక్కడే ప్లగ్గుంది." ఆమె బోర్డు తీసుకెళ్ళి గోడ దగ్గర గట్టు మీద పెట్టింది. తీగ ప్లగ్గులో పెట్టింది. పీట ఒకటి తెచ్చి గట్టు ముందు వేసింది. మోచేయి గట్టుకు ఆనించి, వేళ్ళు చాచి, ఆ కొసల దగ్గరికి పీట జరిపింది. "మూరెడండి. బిడ్డకు ఎంతుంటే అంత. స్విచ్ ఆ తలుపు పక్కన ఉంది, దూరం. నేను వేస్తా. మీరు కూర్చుని చూడండి."

"నేనా?"

"నేను మూడొందల సార్లు కూర్చున్నానండి."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. క్లాసులో టీచరుకు పాఠం ఒప్పజెప్పే పిల్లలా చెప్పింది. పానకాలరావు గారు లేచి పీట దగ్గరికి వచ్చారు. వంగి కూర్చోబోయి, సగంలో ఆగారు. ప్లగ్గు వైపు చూశారు. ఆ ప్లగ్గుకు మర లేదు, గీత లేదు, మేకూ లేదు. నల్లటి డబ్బా వైపు చూశారు. జేబులో భూతద్దం తడుముకున్నారు, తీసి చూసినా రంగు వెనక ఏముందో కనబడదని ఆయనకే తోచినట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

కోటేశ్వరి స్విచ్ మీద వేలు పెట్టి నిలబడింది.

"ఇది..." అన్నారు పానకాలరావు గారు. ఆదెమ్మ మంచినీళ్ళు అందించింది. గ్లాసు ఖాళీ చేసి, ఇంకా సగం వంగే ఉండి అడిగారు. "ఇది పదిదా, పదహారుదా?"

"సగటున పన్నెండేనండి" అంది కోటేశ్వరి.

ఆయన మెల్లగా నడుము ఎత్తారు. గ్లాసు గట్టు మీద, బోర్డుకు బారెడు దూరంలో పెట్టారు. బోర్డును ప్లగ్గులోంచి తీయలేదు, సంచిలో పెట్టుకోలేదు, సంచి కూడా తీసుకోలేదు. గడప దాటి, చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళిపోయారు.